ఆకుపచ్చ అంచు

మా వీధిలో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ అట్టలమ్మ అంటారు. తప్పు నాదే. మాత్రలు మింగేశాక మిగిలే ఖాళీ అట్టలు పారేయకుండా నాకివ్వమని మూడేళ్ల క్రితం ఇంటింటికీ తిరిగి అడిగాను. అప్పటినుంచి మా తలుపు కొట్టడం ఆగలేదు. అట్టలొక్కటే తెస్తే బాగుండును. విరిగిన దువ్వెనలు, మూతల్లేని డబ్బాలు, చెవి ఊడిన కప్పులు కూడా తెస్తారు. "నువ్వు చెత్తతో ఏవో చేస్తావటగా" అంటూ ఒకావిడ తన పాత చెప్పుల జత తెచ్చింది. చెప్పులు వద్దండీ అన్నందుకు మొహం మాడ్చుకుని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ పని హాయిగా సాగింది.

నేను చేసేది చెత్త కాదు, తెర. పన్నెండడుగుల ఎత్తు, ఏడడుగుల వెడల్పు. ఆస్పత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములను పలకలుగా కోసి, వాటి మీద ఖాళీ అట్టల్ని సన్నటి రాగి తీగతో ఒకదాని పక్కన ఒకటి కుట్టుకుంటూ వచ్చాను. వెనకాల దీపం పెడితే ఫిల్ముల్లోని ఎముకలు నీలంగా తేలుతాయి, వాటి మీద వేల గూళ్లు మెరుస్తాయి. ఒక్కో గూడూ ఎవరో ఒక మనిషి ఒక రోజు గట్టెక్కిన గుర్తు. అందుకే నాకొక నియమం ఉంది. మనిషి మింగిన మాత్ర తాలూకు అట్టే కావాలి. కొత్తవి కొని, మాత్రలు పారబోసి, అట్టలు వాడుకుంటే ఈ పని ఒక్క నెలలో తేలిపోయేది. కానీ అప్పుడది రేకు ముక్కల దుప్పటి అవుతుంది, ఇంకేమీ కాదు. ఈ మాట గ్యాలరీవాళ్ల కరపత్రంలో కూడా అచ్చయింది.

ఇంట్లో నేను ఈ నియమం చెప్పని రోజు లేదు. చెవిన వేసుకున్నవాళ్లే లేరు.

మా నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్లు. ముప్పై ఆరేళ్లు ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్‌గా చేశాడు. ఆయన సంతకం లేకుండా ఒక్క మేకు కూడా ఆ గుమ్మం దాటేది కాదట. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. నేను తుప్పు పట్టిన రేకులతో, అరిగిపోయిన సబ్బు ముక్కలతో, దర్జీలు ఊడ్చి పారేసిన దారాలతో పని చేసిన ఇరవై ఏళ్లూ ఆయన నా గది గుమ్మంలో నిలబడి "ఇదంతా ఎప్పుడు ఊడుస్తావే?" అని అడిగేవాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. నా మొదటి ప్రదర్శనకు వచ్చి, గోడలన్నీ ఒక చుట్టు చుట్టి, కుర్చీలు బాగున్నాయన్నాడు.

అట్టలు వచ్చాక ఆయన మారాడు. ఒకరోజు గుమ్మంలోంచే వంగి ఒక పెట్టెలోకి తొంగిచూశాడు.

"ఇది పది గూళ్లది, ఇది పదిహేను గూళ్లది. రెండూ కలిపి ఒకే పెట్టెలో పడేశావేం? సరుకు ఇట్లాగేనా పెట్టేది?"

"నాకు తెలుస్తుందిలే నాన్నా."

"నీకు తెలిస్తే చాలదు. రేపు నువ్వు లేకపోతే ఇంకొకరికి తెలియాలి."

మర్నాడు పొద్దున్నే లోపలికొచ్చి కూర్చున్నాడు. వారం తిరిగేసరికి నా గదిలో నలభై రెండు పెట్టెలు, ఒక్కోదాని మీద రంగు, సైజు, గూళ్ల సంఖ్య రాసిన చీటీ. ఇంకో వారానికి నా సరుకు నేను తీసుకోవాలంటే కూడా చీటీ రాసివ్వాల్సి వచ్చింది. నేను నిజమే చెబుతున్నాను. నా గదిలో, నా పెట్టెలోంచి, నేను అడిగి తెచ్చుకున్న అట్ట తీసుకోవడానికి నేను చీటీ రాశాను. రాయకపోతే ఆయన పెట్టె మీద చెయ్యి తీసేవాడు కాదు. "ఎన్ని కావాలి? దేనికి? మిగిలితే వాపసు ఇస్తావా?" అని మూడు ప్రశ్నలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆయన నా పని పక్కన కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. నేను పళ్లు నూరుకుంటూనే సంతోషపడ్డాను.

తెర దాదాపు పూర్తయింది, కింద అంచు తప్ప. అంచుకు లేత ఆకుపచ్చ కావాలని నా మనసులో పడింది. పడితే ఇక అంతే, ఇంకో రంగు నాకు నచ్చదు. ఆ ఆకుపచ్చ రేకు ఒకే ఒక్క మాత్రకు వస్తుంది. గుండె దడ తగ్గడానికి నాన్న రోజూ పొద్దున వేసుకునే తెల్ల మాత్ర అది. నాకు పద్దెనిమిది అట్టలు కావాలి. ఆయన వేసుకునేది రోజుకొకటి, అంటే పది రోజులకు ఒక అట్ట. ప్రదర్శన యాభై రోజుల్లో ఉంది. ఈ మాత్రం లెక్క నాకూ తెలుసు. తెలిసి కూడా ఒక వారం రోజులు అన్నం దగ్గర, బట్టలారేసేచోట, ఆయన పేపరు చదువుకునేటప్పుడు "ఆకుపచ్చవి చాలవు నాన్నా, ఆకుపచ్చవి చాలవు" అని జోరీగలా సతాయించాను.

ఎనిమిదో రోజు పొద్దున నా బల్ల మీద రెండు కట్టలున్నాయి. పద్దెనిమిది ఆకుపచ్చవి, పద్దెనిమిది వెండి రంగువి. దారం కట్టి, అంచులు సమానంగా సర్ది ఉన్నాయి. వెండి రంగువి ఆయన కొవ్వు తగ్గడానికి వేసుకునే మాత్రవి.

"స్టాకు వచ్చింది. చీటీ రాయి" అన్నాడు నాన్న.

"ఎక్కడివి ఇన్ని?"

"నీకు సరుకు కావాలా, సరుకు జాతకం కావాలా?"

నేను చీటీ రాసి కట్టలు పట్టుకుని పోయాను. తర్వాత అందరి మీదా అరిచాను కాబట్టి ఇది ముందే చెప్పుకుంటున్నాను. నేను రెండోసారి అడగలేదు. అడిగితే ఆ ఆకుపచ్చ నా చేతిలోంచి పోతుందేమోనని నాకు భయం.

తర్వాతి నలభై రోజులు నాన్న నీరసంగా ఉన్నాడు. కాళ్లు లాగుతున్నాయనేవాడు. పెట్టెల మధ్య కూర్చుని రాగి తీగ చుట్ట ఒళ్లో పెట్టుకుని కునికేవాడు. నాకు తీగ కావాల్సి వచ్చినప్పుడల్లా ఆయన్ని లేపాల్సి వచ్చేది, విసుక్కునేదాన్ని. ఇంకోవైపు గ్యాలరీ మేడమ్ రోజూ ఫోను. తెరకు పేరు కావాలట. పేరు లేదండీ అంటే, "పోనీ, పేరు లేదు అనైనా రాసి సంతకం పెట్టివ్వండి, మాకు కాగితం ఉండాలి" అంది. నాన్న, ఆవిడ ఒకేచోట ఉద్యోగం చెయ్యాల్సినవాళ్లు.

మంగళవారం పొద్దున పదింటికి నేను అంచు చివరి కుట్టు వేస్తున్నాను. తెర తీసుకుపోవడానికి బుధవారం వ్యాను వస్తుంది. వెనకాల పెట్టెలు కూలిన చప్పుడు. "నాన్నా, మెల్లిగా!" అని అరిచి వెనక్కి తిరిగాను. ఆయన నేల మీద ఉన్నాడు. చుట్టూ పదిహేను గూళ్ల పసుపు అట్టలు చెల్లాచెదురుగా పడున్నాయి. పిలిస్తే కళ్లు తెరిచాడు గానీ నన్ను పోల్చుకోలేదు.

ఆస్పత్రిలో నాడి ముప్పై ఎనిమిది ఉంది. డాక్టరమ్మ నాకన్నా చిన్నది. మెల్లిగా, విడమరిచి చెప్పింది.

"గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందమ్మా. ఆయన వేసుకునే మాత్ర కూడా గుండె వేగం తగ్గించేదే. రోజుకు ఒక్కటే వేసుకుంటూ కూడా ఇట్లా అయిందంటే గుండెలోనే లోపం ఉన్నట్టు. రేపు పొద్దున ఛాతీలో మెషిన్ పెట్టాలి. ఎక్కువ వేసుకున్నందువల్ల అయితే మాత్రం ఆపరేషన్ అక్కర్లేదు, మందు ఒంట్లోంచి దిగేదాకా కనిపెట్టుకుని ఉంటే చాలు. ఆయన ఎన్ని వేసుకున్నారో మీరు కచ్చితంగా చెప్పగలరా?"

"రోజుకొకటే. తప్పే మనిషి కాదు" అన్నాను. ఈ వయసులో ఆయన్ని కోయడం తప్పదా అని రెండుసార్లు అడిగాను.

అంతలో మా అక్క వచ్చింది. అక్క హైస్కూల్లో లెక్కల టీచర్, రెండు వీధుల అవతల ఉంటుంది. నాన్న మందులు తెమ్మని నేను ఫోను చేస్తే, డాక్టరు రాసిన పాత మందుల చీటీతో పాటు ఒక కాఫీపొడి సీసా పట్టుకొచ్చింది. సీసా నిండా చిన్న చిన్న తెల్ల మాత్రలు.

"ఆయన అల్మారాలో ఇదే ఉంది. అట్టలు ఒక్కటీ లేవు. ఇదేంటే?" అంది.

నేను ఆ సీసా చూశాను. అప్పుడు అర్థమైంది.

నాన్నకు కాస్త తెలివి వచ్చాక మంచం దగ్గర నిలబడి అడిగాను. ఆయన దాచలేదు. దాచడానికి అందులో తప్పేముందన్నట్టు చూశాడు.

"షాపాయన్ని అడిగి ఆర్నెల్ల సరుకు ఒకేసారి తెచ్చా. రెండు రకాలూ పద్దెనిమిదేసి అట్టలు. అన్నీ వలిచి సీసాలో పోశా. నీకు అట్టలు కావాలి, నాకు మాత్రలు కావాలి. ఎవరి సరుకు వాళ్లకి."

"రెండూ ఒకే సీసాలోనా?"

"రెండూ తెల్లవే. పొద్దున్నే ఒకసారి కుదిపి రెండు తీసుకుంటున్నా. రోజుకు రెండు. ఒక్క రోజు కూడా తప్పలేదు."

"ఏ రెండు నాన్నా? ఏ రెండు?"

ఆ ప్రశ్న ఆయనకు అప్పటిదాకా తట్టలేదని మొహం చూస్తేనే తెలిసింది. నలభై రెండు పెట్టెలకు చీటీలు అంటించిన మనిషి. పది గూళ్లదీ పదిహేను గూళ్లదీ కలిపినందుకు నన్ను తిట్టిన మనిషి. తన ప్రాణం నిలబెట్టే మాత్రలు మాత్రం కాఫీపొడి సీసాలో కలిపేశాడు.

"మింగినవాటి అట్టలే కావాలని నీకు లక్షసార్లు చెప్పాను కదా!" నా గొంతు వార్డంతా వినబడింది. నర్సు తలుపు దగ్గరకొచ్చి చూసింది.

"ఎలాగూ మింగేవే కదే. అట్ట ముందిచ్చి, మాత్ర తర్వాత మింగితే నీకేం నష్టం? సరుకు ముందు, బిల్లు తర్వాత. లోకమంతా అట్లాగే నడుస్తోంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క నా రెక్క పట్టుకుని బయటికి లాగింది.

మందుల షాపాయనకు సీసా చూపించాం. "చూస్తే నాక్కూడా తెలియదమ్మా, రెండింటి మీదా అక్షరాల్లేవు. ఆకుపచ్చ అట్టది వెంట్రుకవాసి పెద్దది, అంతే తేడా. వెండి అట్ట ఉంటే అందులో పెట్టి చూడండి, పెద్దది పట్టదు. అయినా పెద్దాయన ఆర్నెల్లు ఊరికి పోతున్నానంటే ఇచ్చాను" అన్నాడు. ఊరికట. ఏ ఊరో నన్నడిగితే చెప్పేదాన్ని.

అట్టలన్నీ తెరలో ఉన్నాయి. ఇంటికొచ్చి తీగ కత్తిరించే పట్టకారుతో, అంచు పైవరసలో కుట్టిన నాన్న వెండి అట్టల్లో ఒకటి ఊడదీశాను. అక్క తెర కింద నేల మీద కూర్చుని సీసా ఒక పెద్ద పళ్లెంలో గుమ్మరించింది. ఒక్కో మాత్రా తీసుకుని గూట్లో పెట్టి చూడటం, పడితే ఈ గిన్నెలో, పట్టకపోతే ఆ గిన్నెలో. చెప్పుల షాపులో కాలికి జోడు చూసినట్టు రెండు వందల ఎనభై మాత్రలకూ చూశాం.

"నీ పిచ్చి నిన్ను తింటే ఫరవాలేదు, నాన్నను కూడా తినాలా?" అంది అక్క చేతిలో పని ఆపకుండా.

"నేనేమైనా వలవమన్నానా?"

"చాలవు, చాలవు అని ఆయన ప్రాణం తోడలేదూ? వారం రోజులు విన్నాను నేను కూడా. అదే మాట నా క్లాసులో పిల్లలంటే బయట నిలబెట్టేదాన్ని."

ఫోను మోగింది. గ్యాలరీ మేడమ్. పేరు తేలిందా అని అడిగింది. కట్ చేశాను. మళ్లీ మోగింది. వ్యాను ఎనిమిదింటికా, తొమ్మిదింటికా? కట్ చేశాను. మూడోసారి మోగితే అక్క ఎత్తి, "ఆమె లెక్కలు చేస్తోంది, తర్వాత చెయ్యండి" అని పెట్టేసింది.

గిన్నెలు రెండుసార్లు లెక్కపెట్టాం. చిన్నవి నూట డెబ్బై ఒకటి. పెద్దవి నూట తొమ్మిది. అక్క నా చీటీల కట్టలోంచి ఒక కాగితం లాగి తీసివేత రాసింది. ఒక్కో రకం నూట ఎనభై తెచ్చాడు. నలభై రోజుల్లో చిన్నవి తొమ్మిది మింగాడు. పెద్దవి డెబ్బై ఒకటి. సీసా కుదిపినప్పుడల్లా పెద్దవి పైకి తేలినట్టున్నాయి. గుండె మాత్ర దాదాపు ప్రతిరోజూ రెండేసి వేసుకున్నాడు.

అక్క కలం కింద పెట్టి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. బడిలో అక్కను చూసి పిల్లలు హడలిపోతారు. ఆమె అలా ఏడవగా నేను చిన్నప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే. నేను డాక్టరమ్మకు ఫోను చేసి అంకెలు చెప్పాను. ఆవిడ ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పించుకుంది.

"డెబ్బై ఒకటా? అయితే బతికాం. మందు ఆపేశాం కదా, చూద్దాం. రేపటి ఆపరేషన్ వద్దు" అంది.

నేను తెర ముందు నిలబడ్డాను. అంచు అద్భుతంగా వచ్చింది, ఆ మాట నేనే అంటున్నాను. మూడేళ్లుగా కుడుతున్న తెరలో దానికి మించిన వరస లేదు. పద్దెనిమిది అట్టలు, నూట ఎనభై గూళ్లు, ఒక్కోదానికీ ఒక్కో రోజు అని నేను లోకానికి చెప్పబోతున్నాను. అందులో నూట తొమ్మిది అబద్ధం. మిగిలిన డెబ్బై ఒకటీ ఆయన్ను చంపబోయినవి. వాటి మధ్య నా "చాలవు, చాలవు" నాకే వినబడింది. సిగ్గేసింది. పట్టకారు తీసుకుని మొదటి కుట్టు దగ్గర మొదలుపెట్టి అంచు మొత్తం ఊడదీశాను. అక్క వద్దనలేదు. వెండి అట్టలు కూడా ఏరి చూపించింది, అవీ తీశాను.

బుధవారం వ్యానుతో పాటు గ్యాలరీ మేడమ్ స్వయంగా వచ్చింది. కింద ఖాళీ ఫిల్ములూ, వేలాడే తీగ ముక్కలూ చూసి నోరు తెరిచింది.

"అంచు ఏదండీ? మొన్న ఫోటోలో ఉందే!"

"తీసేశాను. మా నాన్న మాత్రలు మింగితే వస్తుంది. పది రోజులకొక అట్ట. నేనే వచ్చి మీ గోడ దగ్గర నిలబడి కుడతాను."

"అన్నీ ఎప్పటికవుతాయి?"

"ఆర్నెల్లు."

"ప్రదర్శన నెల రోజులేనండీ!"

"అయితే నెలకు మూడు అట్టలు."

ఆవిడ నుదురు పట్టుకుంది. నేను రోజూ పట్టుకునేది ఆ రోజు ఆవిడ పట్టుకుంది. చివరికి నిట్టూర్చి తెరను వ్యాను ఎక్కించింది, అంచు లేకుండానే తీసుకున్నట్టు నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని మరీ.

శుక్రవారం ప్రదర్శన మొదలయ్యే సమయానికి నేను ఆస్పత్రిలో ఉన్నాను. నాడి అరవై రెండుకు వచ్చింది. నాన్న దిండుకు ఆనుకుని కూర్చుని, పక్క మంచం అతని మందుల డబ్బా సర్దిపెట్టడం ఎలాగో అతనికి చెబుతున్నాడు. ఈయన చెబుతున్నాడు! నాకు ఒళ్లు మండింది గానీ ఊరుకున్నాను. డాక్టరమ్మ మందు మార్చింది, పాతదానికన్నా తక్కువ మోతాదుది. నర్సు కొత్త అట్ట తెచ్చిచ్చింది. రేకు ముదురు నారింజ రంగు. చూడగానే కళ్లలో గుచ్చుకుంది.

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం వాడిపోయింది.

"ఇది నీ తెరకు నప్పదేమోనే."

"నప్పదు" అన్నాను.

"ఆ పాతదే ఇమ్మని డాక్టరమ్మను అడగనా? సగం ముక్క వేసుకుంటా."

"నాన్నా!" అన్నాను. ఇంకేమేమో అనాలని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లలో నా పని కోసం ఆయన చేసిన బేరమంతా ఇదే, దానికి కూడా తన గుండెనే అడ్డం పెట్టాడు. "రంగు నప్పకపోతే పోయింది. నాకు ఆకుపచ్చ వద్దు, నువ్వు కావాలి. నువ్వు మింగు, ఏ రంగైనా నేను కుట్టుకుంటాను."

ఆయన అట్టలోంచి ఒక మాత్ర వలిచి, నీళ్లు తాగి, నోరు తెరిచి నాకు చూపించాడు. ఒక గూడు ఖాళీ అయింది. మూడేళ్ల అలవాటు కొద్దీ నా చెయ్యి దానంతటదే అట్ట మీదకు పోయింది.

నాన్న దాన్ని లాక్కుని దిండు కింద పెట్టుకున్నాడు.

"ఇంకా తొమ్మిది రోజులుంది. అప్పటిదాకా చీటీ రాసినా ఇవ్వను."